జూలైలో జాంజిబార్: కైట్ బోర్డింగ్ కొత్తగా నేర్చుకోవచ్చా?

ప్రశ్న
జూలైలో టాంజానియా తీరంలోని జాంజిబార్ దీవికి వెళ్తున్నాను. తూర్పు తీరంలో పాజే బీచ్‌లో కైట్ బోర్డింగ్, అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ళపై సాగిపోవడం, నేర్చుకోవాలని చాలా కోరికగా ఉంది. పూల్‌లో ఈత వచ్చు గానీ సముద్రంలో ఎప్పుడూ ఈదలేదు. చేతుల్లో పెద్ద బలం కూడా లేదు. కైట్ నన్ను ఈడ్చుకుపోతే ఏం చేయాలన్నదే భయం. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు 1
మంచి నెల ఎంచుకున్నారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఆగ్నేయం నుంచి వీచే గాలిని కుసి అంటారు. అది పాజేలో వాలుగా ఒడ్డువైపే వీస్తుంది, కాబట్టి మిమ్మల్ని సముద్రం లోపలికి కొట్టుకుపోనివ్వదు. ఏప్రిల్, మే నెలలైతే వానలు, వద్దనేవాణ్ణి.

జవాబు 2
నేను నేర్చుకున్నది పాజేలోనే. చేతుల బలం గురించి బెంగ వద్దండి. లాగుడంతా నడుముకి కట్టే హార్నెస్ మీద పడుతుంది. చేతులు బార్‌ని, అంటే కైట్ తాళ్ళు కట్టి ఉండే పిడిని, తిప్పడానికే.

ఇక మీ అసలు భయం. కంగారు పుట్టగానే ఎవరైనా చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని దగ్గరికి లాక్కుంటారు. ఇక్కడ ప్రమాదమంతా అందులోనే ఉంది. బార్‌ని దగ్గరికి లాగితే కైట్ జోరు పెరుగుతుంది, దూరంగా పోనిస్తే తగ్గుతుంది. మా కోచ్ నోట ఎప్పుడూ ఒకటే మాట: "వదిలెయ్!" వదిలేసినా కైట్ లాగుతూనే ఉంటే, హార్నెస్ ముందున్న ఎర్ర క్విక్ రిలీజ్‌ని (కైట్ లాగుడు నుంచి విడిపించే పట్టు) ముందుకి తోయాలి. అప్పుడు కైట్ ఒక్క తాడు మీదే మిగిలి, జోరంతా పోయి నీళ్ళలో పడుతుంది. కళ్ళు మూసుకున్నా చెయ్యి నేరుగా దాని మీదికే వెళ్ళేదాకా ఒడ్డునే సాధన చేయండి. నాకైతే ధైర్యం వచ్చింది దానివల్లే.

బోర్డు ఎప్పుడిస్తారా అని తొందరపడకండి. ముందు బాడీ డ్రాగ్ నేర్పుతారు: బోర్డు లేకుండా, కైట్ లాగుతుంటే నీళ్ళలో బోర్లా సాగిపోవడం. ఒక చేత్తో బార్ పట్టుకుని, రెండో చెయ్యి చుక్కానిలా నీళ్ళలోకి చాపితే గాలికి ఎదురు వాలుగా పోగలుగుతారు. పడ్డప్పుడు బోర్డు కాళ్ళ నుంచి ఊడి గాలికి ఎగువనే ఉండిపోతుంది, కైట్ మిమ్మల్ని దిగువకి లాగేస్తుంది. బాడీ డ్రాగ్ వస్తేనే వెనక్కి వెళ్ళి దాన్ని తెచ్చుకోగలరు. చాలామంది దీన్ని త్వరగా ముగించేయమంటారు. నన్నడిగితే ఇంకో పూట దీనికే ఇవ్వమంటాను.

తర్వాత బోర్డు మీద లేవడం సులువవుతుంది. నెత్తి మీద గడియారంలో 12 ఉందనుకోండి. కుడివైపు వెళ్ళాలంటే కైట్‌ని 11 దాకా పోనిచ్చి, అక్కణ్ణుంచి ఒకటి, రెండు మధ్యకి చురుగ్గా దించాలి. అది లాగినప్పుడు మీరు లేవాలి, ముందే లేవబోతే పడిపోతారు.

జవాబు 3
ఆటుపోట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆటు సమయంలో పాజేలో నీళ్ళు పగడపు దిబ్బవైపు చాలా దూరం వెనక్కి పోతాయి. అమావాస్యకీ పున్నమికీ మరీ దూరం. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, క్లాసు వేళ కూడా దాన్నిబట్టే మారుతుంది. అందుకే రోజంతా ఖాళీ ఉంచుకోండి. నీళ్ళు తగ్గితే అక్కడి ఆడవాళ్ళు సముద్రపు నాచు సాగు చేసే కర్రలూ తాళ్ళూ బయటపడతాయి. అది వాళ్ళ జీవనోపాధి, అటువైపు పోకండి. అడుగున సీ అర్చిన్లనే ముళ్ళున్న జీవులుంటాయి, రబ్బరు బూట్లు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు
చాలా థ్యాంక్సండి. నాకు కళ్ళద్దాలున్నాయి, ఎలా?

జవాబు 2
తల వెనక బిగించే పట్టీ పెట్టుకోండి, హెల్మెట్ కింద కదలదు. వెళ్ళేలోగా ఈత తెలిసినవాళ్ళని తోడు తీసుకుని సముద్రంలో ఈదడం అలవాటు చేసుకోండి. లోతు తక్కువే అయినా ఉప్పునీళ్ళు నోట్లోకి పోయినప్పుడు కంగారు పడకుండా ఉండటం ముందే వచ్చి ఉండాలి.