కోళ్ల షెడ్డులోకి వచ్చే గాలికి యూవీ దీపాలు ఎక్కడ బిగించాలి?

మూసిన షెడ్డులోకి వచ్చే గాలిని 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న యూవీ-సి (క్రిములను చంపే అతినీలలోహిత కాంతి) దీపాలతో శుద్ధి చేయాలనుకుంటున్నాను. చిక్కంతా గాలి వేగంతోనే. క్రిమికి అందే మోతాదు కాంతి తీవ్రత మీద, వెలుగులో గడిపే సమయం మీద ఆధారపడుతుంది కదా. వేసవిలో ఫ్యాన్లన్నీ తిరిగితే గాలి రెప్పపాటులో దీపాలను దాటిపోతుంది. అమ్మేవాళ్లు 99 శాతం క్రిములు చస్తాయంటారు, ఏ వేగం దగ్గరో మాత్రం చెప్పరు!

దీపాలు కూలింగ్ ప్యాడ్లకు (లోపలికొచ్చే గాలిని చల్లబరిచే తడి పలకలకు) ముందుండాలా, వెనక తడిగాలిలోనా? పక్క షెడ్డు నుంచి కొట్టుకొచ్చే ఈకల నూగు దీపాల గొట్టాలకు అంటుకుని వెలుగును మింగేస్తుంది. ఆ నూగును ఆపడానికి దీపాల ముందు ఫిల్టర్ పెడితే ఫ్యాన్లు గాలిని లాగలేక చతికిలపడవా? వాడుతున్నవారు గొట్టాలను ఎన్నాళ్లకోసారి తుడుస్తున్నారు? వెలుగు కోళ్ల కళ్లకు, పనివారి కళ్లకు తగలకుండా అడ్డు దేనితో కట్టారు? దయచేసి చెప్పగలరు.