‘ప్రాంతం’ వచ్చిన ప్రతిచోటా ‘ఏరియా’ వేసేయొచ్చా?

బందరురోడ్డు_అనువాది అడిగినది:

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చే పని. ఇళ్ల స్థలాల బ్రోచర్లు, విజయవాడ, గుంటూరు స్థానిక వార్తలు. చదివేవాళ్లలో సగం మంది బయటి దేశాల్లో పెరిగిన మనవాళ్ల పిల్లలే. చిక్కంతా ప్రాంతం, స్థలం, చోటు, పరిధి అనే నాలుగు మాటల దగ్గరే. నిఘంటువు తీస్తే ఏరియా, రీజియన్, జోన్, టెరిటరీ, లోకాలిటీ అన్నీ ఒకే వరసలో ఉంటాయి, తేడా మాత్రం చెప్పదు. ఈ కింది వాక్యాల్లో ఏది పెట్టాలి, ఎందుకు?

1. పటమట ప్రాంతంలో రేపు నీటి సరఫరా ఉండదు.
2. రాజధాని ప్రాంతంలో భూముల ధరలు పెరిగాయి.
3. పరీవాహక ప్రాంతంలో వానలు, ప్రకాశం బ్యారేజీకి వరద.
4. 32వ డివిజన్ పరిధిలో రోడ్ల పనులు.
5. నివాస ప్రాంతంలో 200 గజాల స్థలం, సెంటర్‌కు దగ్గర.
6. బస్సులో చోటు లేదు.

ప్రస్తుతానికి ఆరోది తప్ప అన్నిటికీ ఏరియా అనే పెట్టాను.

—

సత్యనారాయణపురం_ఇంగ్లీషు:

తెలుగు మాటను కాసేపు పక్కన పెట్టండి. ఆ చోటుకు అంచు ఉందా, ఉంటే ఆ గీత గీసింది ఎవరు, దేనికోసం? ఈ రెండూ తేలితే మాట దానంతటదే తేలుతుంది.

ఏరియాకు అంచు చెప్పక్కర్లేదు. లాటిన్‌లో ఈ మాటకు చదునైన ఖాళీ నేల అనీ, కళ్లం అనీ అర్థాలుండేవి. కళ్లంలో ఏ పంటైనా నూర్చుకున్నట్టే ఈ మాటనూ ఎక్కడైనా వాడేస్తున్నాం. మీ మొదటి వాక్యానికి ‘ద పటమట ఏరియా’ సరిగ్గా సరిపోతుంది. నీళ్లు ఏ వీధి దాకా ఆగుతాయో వార్తలోనే లేదు కదా. ‘లోకాలిటీ’ తప్పు కాదు గానీ అది మన దేశపు చిరునామా ఫారాల ఇంగ్లీషు. అమెరికాలో పెరిగిన పిల్లలకు ‘నైబర్‌హుడ్’ వెంటనే తెలుస్తుంది. అయితే నైబర్‌హుడ్ జనం కాపురాలుండే పేటకే. లబ్బీపేట, మొగల్రాజపురం నైబర్‌హుడ్‌లు. ఆటోనగర్‌ను అలా అంటే వినడానికి బాగోదు, అది ఇండస్ట్రియల్ ఏరియా.

రీజియన్ పెద్దది. నేల, వాతావరణం, భాష, చరిత్ర ఇలా ఏదో ఒక పోలిక దాన్ని కలిపి ఉంచుతుంది: కోస్తా, రాయలసీమ. పటమటను రీజియన్ అంటే నవ్వుతారు. మీ రెండో వాక్యంలో గొయ్యి ఉంది. 2014 నాటి సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టంలో ‘క్యాపిటల్ రీజియన్’ వేరు, ‘క్యాపిటల్ సిటీ ఏరియా’ వేరు. రెండోది తుళ్లూరు, మందడం వైపు ఉన్న 217 చదరపు కిలోమీటర్ల అమరావతి. మొదటిది దాని చుట్టూ విజయవాడ, గుంటూరు, తెనాలిని కలుపుకొని ఉన్న చాలా పెద్ద పరిధి. తెలుగు పత్రికలు రెండింటికీ ‘రాజధాని ప్రాంతం’ అనే రాస్తాయి. కాబట్టి వార్తలో ఏ ఊళ్ల పేర్లున్నాయో చూడకుండా అనువదించకండి. పొరపాటున మార్చి రాస్తే తెనాలి పక్క పొలం అమరావతిలో ఉందని చదివినవాడు అనుకుంటాడు.

జోన్ గ్రీకులో నడికట్టు, అంటే మొలకు కట్టే పట్టీ. దాని అంచు దాటితే ఏదో ఒక నియమం మారాలి. నో పార్కింగ్ జోన్, టైమ్ జోన్ అలాంటివే. నియమం మారకపోతే జోన్ అనకండి. ఇంకో జాగ్రత్త: భూగోళంలో ఉష్ణ మండలం జోనే అయినా, 1985లో తాలూకాల స్థానంలో వచ్చిన మండలం జోన్ కాదు. దాన్ని మండల్ అనే ఉంచండి.

టెరిటరీ అంటే ఒకరి ఏలుబడి. యానాం కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడ యూనియన్ టెరిటరీ తప్ప మరోటి చెల్లదు.

ఇక మూడోది. పడిన వాన పారి నదిలోకి చేరే నేల క్యాచ్‌మెంట్ ఏరియా. కాలువ కింద నీరు పారే పొలం, అంటే మన ఆయకట్టు, కమాండ్ ఏరియా. ప్రకాశం బ్యారేజీకి మొదటిది ఎగువన, రెండోది దిగువ డెల్టాలో. ఈ రెండూ తారుమారైతే వరద వార్త తలకిందులవుతుంది. ఖమ్మం వైపు గట్టిగా కురిస్తే ఆ నీరు మున్నేరు మీదుగా కృష్ణలో కలిసి బ్యారేజీకి వస్తుంది. ఆ నేలంతా బ్యారేజీకి క్యాచ్‌మెంట్. నది పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా మొత్తం చెప్పాలంటే కృష్ణా బేసిన్.

—

రెవెన్యూ_మాటలు:

పై సమాధానం బాగుంది. నాలుగోది మిగిలింది కాబట్టి దాని సంగతి.

‘డివిజన్’ మన దగ్గర మూడు కొలతల్లో ఉంది. విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు, గుంటూరులో 57. ఒక్కోదానికి ఒక కార్పొరేటర్. రెవెన్యూలో డివిజన్ అంటే జిల్లాకూ మండలానికీ మధ్యది, ఆర్డీవో చేతిలో ఉంటుంది: నందిగామ, తిరువూరు, తెనాలి ఇలా. రైల్వేలో అయితే జోన్‌ను కోస్తే వచ్చే ముక్క డివిజన్. విజయవాడ డివిజన్ గూడూరు దాకా పోతుంది. ఒక వీధుల గుంపు, కొన్ని మండలాలు, వందల కిలోమీటర్ల పట్టాలు, అన్నిటికీ ఒకే పేరు.

అందుకే కార్పొరేషన్ వార్తలో ఒట్టి ‘డివిజన్ 32’ అని వదిలేయకండి. మొదటిసారి వచ్చినప్పుడు ‘మునిసిపల్ వార్డ్’ అని ఒక్క మాట తగిలించి, తరవాత డివిజన్ 32 అనే కొనసాగించండి. బయటివాళ్లకు వార్డ్ తెలుస్తుంది, ఊళ్లోవాళ్లకు నంబరు తెలుస్తుంది. ‘సర్కిల్’ దగ్గరా ఇదే గొడవ. కార్పొరేషన్ సర్కిల్ పాలనా విభాగం, బెంజ్ సర్కిల్ కూడలి.

‘పరిధి’కి ఒకే మాట లేదు. పోలీస్ స్టేషన్ పరిధి, కార్పొరేషన్ పరిధి అంటే ‘లిమిట్స్’, ఎప్పుడూ బహువచనమే. కోర్టు పరిధి, అధికారి పరిధి అంటే ‘జ్యురిస్‌డిక్షన్’. రోడ్ల వార్తలో ఇవేవీ అక్కర్లేదు, ‘ఇన్ డివిజన్ 32’ అంటే చాలు. ‘పరిధిలో’ అని కనపడగానే ‘అండర్ ద లిమిట్స్ ఆఫ్’ అని రాసే అలవాటు మన పత్రికా ప్రకటనల్లో ఉంది. ఆ ‘అండర్’ తప్పు, ‘వితిన్’ కావాలి.

ఇంకోటి: విజయవాడ వెస్ట్ అంటే అసెంబ్లీ నియోజకవర్గం. వెస్ట్ విజయవాడ అంటే ఊరికి పడమటి వైపు, గీత లేదు. మాటల వరస మారితే అర్థం మారుతుంది.

—

అరండల్‌పేట_ప్లాన్లు:

అయిదోదైన బ్రోచర్ వాక్యం సంగతి నేను చెప్తాను. దీంట్లో తప్పు రాస్తే భాషతో పోదు, డబ్బుతో పోతుంది.

‘నివాస ప్రాంతం’ను రెసిడెన్షియల్ ఏరియా అంటే అక్కడ ఇళ్లున్నాయని. రెసిడెన్షియల్ జోన్ అంటే మాస్టర్ ప్లాన్ అక్కడ ఇళ్లకు ఒప్పుకుంటోందని. చుట్టూ పది ఇళ్లు ఉన్నా ప్లాన్‌లో ఆ నేల వ్యవసాయ జోన్‌లో ఉండొచ్చు. లేఅవుట్ కాగితాల్లో జోన్ పేరు చూసే దాకా మీరు ‘జోన్’ అన్న మాట రాయకండి, అమ్మేవాళ్లు అడిగినా సరే.

‘స్థలం’: మనం ఇళ్ల స్థలాన్ని సైటు అంటాం. బయటి ఇంగ్లీషులో సైట్ అంటే ఏదైనా కట్టే, తవ్వే, జరిగిన చోటు. అమ్మకానికున్న కొలిచిన ముక్క ప్లాట్. అమెరికా పిల్లలకైతే లాట్. దీన్ని ఫ్లాట్‌తో కలిపేయకండి, అచ్చుతప్పుల్లో అదే మొదటిది.

‘200 గజాలు’ను 200 యార్డ్స్ అంటే పొడవు అవుతుంది. 200 స్క్వేర్ యార్డ్స్ అనాలి. అంటే 1,800 చదరపు అడుగులు, దాదాపు 167 చదరపు మీటర్లు. సెంటుకు 48.4 చదరపు గజాలు కాబట్టి నాలుగు సెంట్ల పైచిలుకు. ఆస్ట్రేలియా వాళ్లకు చదరపు మీటర్లు కూడా పక్కన ఇవ్వండి. విస్తీర్ణానికి మన దస్తావేజుల్లో ‘ఎక్స్‌టెంట్’ అని ఉంటుంది, బ్రోచర్‌లో ‘ఏరియా’ మేలు. దస్తావేజు హద్దులు ‘బౌండరీస్’. ‘బార్డర్’ రాష్ట్రాలకు, దేశాలకు.

‘సెంటర్’: శంకర్ విలాస్ సెంటర్ అంటే మనకు నాలుగు రోడ్లు కలిసే చోటు. పేరులో ఉంటే ముట్టుకోకండి. ఒట్టి ‘సెంటర్‌కు దగ్గర’ను ‘నియర్ ద సెంటర్’ అంటే ఊరి నడిబొడ్డుకు దగ్గరని చదువుతారు, దాంతో ధర మీద ఆశలు మారిపోతాయి. ‘జంక్షన్’ అనండి, ఏ జంక్షనో పేరు కూడా రాయండి.

—

చోటు_లేదు:

ఆరోదానికి రూమ్, లేదా స్పేస్. ప్లేస్ కాదు. ఇముడుతుందా లేదా అనే ఖాళీకి రూమ్. ఆ అర్థంలో దానికి ముందు ‘ఎ’ రాదు, బహువచనం లేదు. పార్కింగ్ స్పేస్ మాత్రం లెక్కపెట్టొచ్చు. ప్లేస్ అంటే పేరుపెట్టి చూపించగల చోటు, స్పాట్ అంటే అందులో వేలు పెట్టి చూపించేంత చిన్నది. ఆవరణకు ‘ప్రెమిసెస్’ అని చివర ఎస్‌తోనే, ముందు ‘ఆన్’. ఎస్ తీసేస్తే తర్కంలో ఆధార వాక్యం అయిపోతుంది.

—

బందరురోడ్డు_అనువాది:

అందరికీ ధన్యవాదాలండీ. అయిదో వాక్యంలో ‘జోన్’ తీసేసి ప్లాన్ కాగితాలు అడిగాను. ఇంకో రెండు తగిలాయి: ‘గుంటూరు శివారు’, ‘బ్రాడీపేట 4/14’. శివారుకు సబర్బ్ సరేనా? 4/14ను ఫోర్త్ స్ట్రీట్ అని మార్చనా?

—

అరండల్‌పేట_ప్లాన్లు:

సబర్బ్ అంటే ఊరికి ఆనుకుని, సొంత పేరుతో, జనం కాపురాలతో స్థిరపడిన చోటు. ఇంకా పొలాలే ఎక్కువున్న అంచు అయితే ‘ఆన్ ది అవుట్‌స్కర్ట్స్ ఆఫ్ గుంటూరు’. ఇదీ ఎప్పుడూ బహువచనమే. నల్లపాడు దాటాక ఉన్న కొత్త లేఅవుట్‌ను సబర్బ్ అని అమ్మితే కొన్నవాడు బస్సు, కిరాణా కొట్టు, వీధి దీపాలు ఉంటాయనుకుని వస్తాడు.

4/14ను మార్చొద్దు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని దానర్థం. కొన్ని బోర్డుల మీద లైన్, కొన్నిటి మీద లేన్ అని ఉంటుంది. ఇంటి యజమాని కాగితాల్లో ఏది ఉంటే అదే దించండి. స్ట్రీట్ అని దిద్దితే కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి “నాలుగో లైనా అండీ?” అని అడగాల్సి వస్తుంది. బయటివాళ్ల కోసమైతే అంకెలు అలాగే ఉంచి, పక్కన ‘ఫోర్త్ లైన్, ఫోర్టీన్త్ క్రాస్ రోడ్’ అని విడదీసి రాయండి.