అప్‌డేట్: తమిళ పాటల గొడవతో మా చర్చి సంఘం చీలేట్టుంది అని అడిగినా కదా

మాది చిత్తూరు, ఆరాధనలో తమిళ పాటలు ఉండాలా వద్దా అని రెండు గుంపులై వాట్సాప్‌లో తిట్టుకుంటున్నారని పోయిన నెల అడిగినా. మీలో ఒకరు బైబిల్లో మత్తయి 18:15 నుంచి చదవమన్నారు, ముందు ఒంటరిగా పోయి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపో, సంఘానికి చెప్పేది ఆ తర్వాతే అని. మేం చేసింది తలకిందులు, నేరుగా గ్రూపులో పెట్టేసినాం.

సరేలే అని శనివారం తమిళ పాటలు కావాలనే పెద్దాయన ఇంటికి ఒక్కణ్ణే పోయినా, గుండె దడదడ. ఆయన ఏమీ అన్లా, బీరువాలోంచి వాళ్ళమ్మ తమిళ పాటల పుస్తకం తీసి చూపించినారు, అట్ట ఊడిపోతే దారంతో కుట్టుండారు. క్షమించండి అంకుల్ అన్నా, టీ తాగి పొమ్మన్నారు.

ఇప్పుడు రెండో ఆదివారం రెండు తమిళ పాటలు. ట్రెజరర్ అన్న మాత్రం నేను ఒంటరిగా పోయినా వినలా, ఈసారి పాస్టర్ అయ్యగారిని తోడు తీసుకుపోతా.