సెకండ్ లైఫ్‌లో తిరిగే స్పేస్ స్టేషన్ కడుతున్నా, ఒక సాయం కావాలి

నక్షత్రకుడు:
ఇక్కడ సైన్స్ ఫిక్షన్ పిచ్చోళ్ళలో ఇంకా సెకండ్ లైఫ్‌లో (ఇంటర్నెట్‌లో మన బొమ్మ రూపంతో తిరిగే 3డి లోకం) తిరిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? 2003లో వచ్చింది కదా, ఇప్పుడు అక్కడ ఎవరుంటారని మావాళ్ళు నవ్వుతున్నారు. నాకైతే మనమే కట్టి, మనమే స్క్రిప్టు రాసి, లాగవుట్ అయ్యాక కూడా మన వస్తువు అక్కడే ఉండే చోటు ఇంత సరదాగా ఇంకెక్కడా దొరకలేదు. చక్రంలా తిరిగే స్పేస్ స్టేషన్ కట్టి దాని అంచు లోపలివైపు నడవాలని కోరిక. శాండ్‌బాక్స్‌లో, అంటే ఎవరైనా కట్టి చూసుకునే ఖాళీ స్థలంలో, చిన్న నమూనా చేసి టార్గెట్ ఒమేగా (వస్తువుని తిప్పే స్క్రిప్టు ఆదేశం) ఫంక్షన్ పెట్టాను. చక్రం దర్జాగా తిరుగుతోంది కానీ నేను మాత్రం ఉన్నచోటే నిలబడి ఉన్నా, నేల నా కాళ్ళ కింద నుంచి జారిపోతోంది. ఏం చేయాలి?

ప్రిమ్‌రాజు:
అది అంతే గురూ. వస్తువు ఫిజికల్ (గురుత్వానికి లోబడి కదిలేది) కాకపోతే ఆ ఫంక్షన్ తిప్పేది నీ స్క్రీన్ మీదే, సర్వర్ లెక్కలో చక్రం అసలు కదలదు. పోనీ నిజంగా తిరిగినా లాభం లేదు, అక్కడ గురుత్వం ఎప్పుడూ కిందికే, అవతార్ (అక్కడ తిరిగే మన బొమ్మ) ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది, చక్రం పైభాగంలో తలకిందులుగా నడవడం కుదరదు. అందుకని స్టేషన్‌ని కదపకు, చుక్కల్ని తిప్పు! బోలు గోళం ఒకటి పెట్టి, లోపలి వైపు చుక్కల టెక్స్చర్ (పైన అతికించే బొమ్మ) అతికించి, అదే స్క్రిప్టు ఆ గోళంలో వెయ్యి. కిటికీలోంచి చూసేవాడికి స్టేషనే తిరుగుతున్నట్టు ఉంటుంది. గోళం కూడా స్క్రీన్ మీదే తిరుగుతుంది కానీ దాని మీద ఎవడూ నిలబడడు కాబట్టి బాధ లేదు.

వేగాచుక్క:
భలే చెప్పారు ప్రిమ్‌రాజు గారు. వేగం కూడా సరిగ్గా పెట్టండి, అదే అసలు మజా. 100 మీటర్ల వ్యాసార్థం ఉన్న చక్రంలో భూమి మీదంత బరువు అనిపించాలంటే నిమిషానికి 3 చుట్లు తిరగాలి, అంటే చుక్కలు 20 సెకన్లకి ఒక చుట్టు. చాలామంది చూడ్డానికి బావుంటుందని ఇంకా గబగబా తిప్పేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. మొత్తం చక్రం కట్టక్కర్లేదు కూడా. 12 మీటర్ల పొడవు గది ఒక్కటి చాలు. అంత పెద్ద చక్రంలో ఆ గది నేల మధ్యలో కన్నా రెండు చివర్లా 18 సెంటీమీటర్లే పైకి లేస్తుంది. ఆ కాస్త వంపు పెడితే చూసేవాడి మెదడు మిగతా చక్రాన్ని అదే ఊహించేసుకుంటుంది.

గట్టుమీద_రోబో:
నేను వేరే మాట చెప్తా, కోప్పడకండి. ఇంత కష్టపడి కట్టి వేరేవాళ్ళ సర్వర్‌లో ఎందుకు పెట్టడం? ఓపెన్‌సిమ్యులేటర్ అని ఇలాంటి లోకాన్నే నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, 2007 నుంచీ ఉంది, మన కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు, స్థలానికి అద్దె లేదు, బొమ్మ ఎక్కించడానికి డబ్బులు లేవు.

ప్రిమ్‌రాజు:
అక్కడ చూసేవాడెవడు బాబూ? స్టేషన్ కట్టేదే నలుగురినీ పిలవడానికి. టెక్స్చర్ ఎక్కించడానికి మామూలు సైజుకి 10 లిండెన్ డాలర్లు (సెకండ్ లైఫ్ సొంత డబ్బు), అంటే మన రూపాయల్లో టీ ఖర్చు కూడా కాదు. గోడలూ నేలా ప్రిమ్‌లతో (అక్కడే దొరికే పెట్టె, గోళం లాంటి దిమ్మలు) కడితే వాటికి అదీ లేదు.

నక్షత్రకుడు:
చుక్కల్ని తిప్పడం నాకు తట్టనే లేదు, ఇద్దరికీ థాంక్స్! రోబో అన్నా, నీ మాటా నిజమే, ఒక కాపీ అక్కడా పెట్టుకుంటా. ఇంకొక్కటి, 1024 చదరపు మీటర్ల స్థలం చూశాను, గోళం పడుతుందా?

వేగాచుక్క:
చదరంగా ఉంటే 32 కి 32 మీటర్లు వస్తుంది. ఒక్క ప్రిమ్ 64 మీటర్ల దాకా సాగుతుంది కానీ అంత పెడితే పక్కవాళ్ళ నెత్తిన పడుతుంది. 30 మీటర్ల గోళం పెట్టి, లోపల మీ 12 మీటర్ల గది పెట్టండి. 3000 మీటర్ల ఎత్తులో కట్టండి, 4096 దాకా కట్టనిస్తారు, అక్కడ కింద ఉన్నవాళ్ళ చెట్లూ మేడలూ అడ్డురావు. ల్యాప్‌టాప్ పాతదైతే డ్రా డిస్టెన్స్ (ఎంత దూరం దాకా స్క్రీన్ మీద చూపించాలనే సెట్టింగ్) తగ్గించండి, గోళం అవతల చూడాల్సింది ఏమీ లేదు కదా. అయ్యాక లింకు ఇక్కడ వెయ్యండి, ఆదివారం పొద్దున్నే వస్తాం, అప్పటికి అమెరికాలో శనివారం సాయంత్రం కాబట్టి అక్కడివాళ్ళూ దొరుకుతారు.