ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్: నీళ్లెన్ని, ఉప్పెంత?

కొండాపూర్ బాటసారి
ఇప్పటిదాకా హాఫ్ మారథాన్‌లే (21 కిలోమీటర్లు) పరుగెత్తాను. ఈసారి హైదరాబాద్ మారథాన్‌లో పూర్తి 42 కిలోమీటర్లకు పేరిచ్చాను. ఆదివారం లాంగ్ రన్‌లో పాతిక కిలోమీటర్లు దాటగానే పిక్కలు పట్టేస్తున్నాయి. దాహం వేయకముందే తాగమని ఒకరు, ఉప్పు బిళ్లలు మింగమని ఒకరు, ఓఆర్‌ఎస్ ఒక్కటే చాలని ఇంకొకరు చెబుతున్నారు. పోయిన వారం నీళ్లు కనిపించిన ప్రతి చోటా సీసా ఖాళీ చేస్తూ వెళ్లాను. పిక్కలు ఎలాగూ పట్టేశాయి, దానికితోడు తలనొప్పి, వేలి ఉంగరం బిగుసుకుపోయింది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

గోదావరి గట్టు
ముందు ఒక తూకం యంత్రం కొనండి, తర్వాతే బిళ్లలు. పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. ఉదాహరణకు 68 కిలోలతో బయల్దేరి గంటన్నర తర్వాత 66.6కు వచ్చారు, మధ్యలో 600 మిల్లీలీటర్లు తాగారు అనుకుందాం. తగ్గిన 1.4 కిలోలకు తాగిన 0.6 కలిపితే రెండు లీటర్ల చెమట, అంటే గంటకు సుమారు 1.3 లీటర్లు. అదంతా తిరిగి తాగాలని కాదు, అంత నీరు పరుగులో పొట్ట పట్టదు కూడా. బరువు రెండు మూడు శాతం లోపల తగ్గితే కంగారు లేదు. మా రాజమండ్రిలో మే నెలలో ఒక లెక్క, డిసెంబరులో మరో లెక్క వస్తుంది. కాబట్టి జులై, ఆగస్టుల్లోనే తూచుకోండి.

వైద్యురాలు, విశాఖ
బాటసారి గారూ, ఉంగరం బిగుసుకోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వికారం, పరుగెత్తాక బరువు పెరగడం ఇవన్నీ నీళ్లు ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలు. రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్ పూర్తి చేసినవారిలో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. పరుగులో బరువు పెరిగినవారికే ఆ ముప్పు ఎక్కువ అని కూడా అందులోనే తేలింది. నాలుగున్నర, ఐదు గంటలు పరుగెత్తేవాళ్లకు తాగే సమయం ఎక్కువ, అందుకే వేగంగా వెళ్లేవాళ్లకంటే వాళ్లే జాగ్రత్తగా ఉండాలి. దాహం వేస్తే తాగండి, వేయకపోతే నీళ్ల స్టాల్ దాటి వెళ్లిపోండి.

ఇంకో మాట. పరుగుకు ముందు నొప్పి బిళ్ల వేసుకునే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. ఐబుప్రొఫెన్ లాంటివి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాల మీద భారం వేస్తాయి, సోడియం సమస్యనూ పెంచుతాయి. మారథాన్ రోజున వాటిని ముట్టుకోవద్దు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు బిళ్లల సంగతి తమ డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

పాత పచ్చడి
ఇంత చర్చ ఎందుకండీ, ఒక చెంచా ఆవకాయ ఊట నాలుక మీద వేసుకుంటే పిక్క వదిలేస్తుంది! నవ్వకండి, అమెరికా వాళ్లు దోసకాయ పచ్చడి నీళ్లు తాగుతారట.

మూడు ముక్కల ఆట
నవ్వడం లేదు, అందులో కొంత నిజం ఉంది. ఆ పచ్చడి నీళ్లు తాగాక నిమిషం, నిమిషంన్నరలో పట్టు సడలినట్టు పరిశోధనల్లో గమనించారు. అంత త్వరగా ఉప్పు రక్తంలో కలవదు. గొంతులో పులుపు, ఘాటు తగలగానే నరాలు కండరానికి సడలమని సంకేతం పంపుతాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. కానీ అది ఉప్పు నీళ్లూ వెనిగరూ. మన ఆవకాయలో నూనే కారమూ ఉంటాయి. ముప్పై ఐదో కిలోమీటరు దగ్గర ఆ కడుపు మంటతో పరుగెత్తడం మీ ఇష్టం.

బాటసారీ, నా అభిప్రాయంలో మీ పిక్కల సమస్యకు మొదటి కారణం ఉప్పు కాదు, అలసట. మనం సాధన చేసిన దానికంటే వేగంగానో, ఎత్తుగానో కండరాన్ని వాడితే అది మొరాయిస్తుంది. నెక్లెస్ రోడ్డు చదునుగా ఉంటుంది కదా అని మొదట్లో దూకుడుగా వెళ్లి, ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, జూబ్లీహిల్స్ వైపు చేరేసరికి కుదేలయ్యేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేసి వేగం సంగతి మరిచిపోండి. తొడలను అసలు దెబ్బతీసేది దిగుడు. మీ ఆదివారం రన్ కొండాపూర్ చుట్టూ చదును రోడ్ల మీదే సాగుతోందా?

కొండాపూర్ బాటసారి
అవును, చాలావరకు చదునే. దారిలో తిండి సంగతి కూడా చెప్పండి. అరటిపండు, ఖర్జూరం తప్ప జెల్‌లు (పరుగులో శక్తికి పీల్చుకునే తీపి గుజ్జు పొట్లాలు) ఎప్పుడూ వాడలేదు. దుకాణంలో ఓఆర్‌ఎస్ పేరుతో దొరికే తీపి డబ్బాలు సరిపోతాయా?

గోదావరి గట్టు
ఆ డబ్బాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. నీళ్ల విరేచనాలకు అది అమృతమే. మారథాన్‌కు మాత్రం ఉప్పు దండిగా, శక్తి తక్కువగా ఉన్నట్టు లెక్క. కొబ్బరినీళ్లూ అంతే, పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ.

నేను ఇంట్లో కలుపుకునేది ఇది: లీటరు నీటికి 60 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. ఆ ఉప్పులో దాదాపు 600 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. నా చొక్కా మీద తెల్ల చారలు కట్టే కాలంలో ఇంకాస్త వేస్తాను.

మూడు ముక్కల ఆట
తిండి విషయంలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యంగా పెట్టుకోండి. ఒక మధ్యరకం అరటిపండులో పాతిక గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గంటకు 90 దాకా వెళ్లాలంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ కావాలి, ఎందుకంటే పేగులో అవి వేర్వేరు దారుల్లో లోపలికి వెళ్తాయి. పంచదారలో రెండూ సగం సగం ఉంటాయి కనుక గట్టు గారి సీసా తీసిపారేసేది కాదు.

గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయాథ్లాన్ పోటీలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు అయ్యాక 21.1 కిలోమీటర్ల పరుగు. అక్కడ తినాల్సిందంతా సైకిలు మీదే తినేయాలి, పరుగు మొదలయ్యాక పొట్ట ఏదీ ఒప్పుకోదు. మారథాన్‌లోనూ అంతే, ఆకలేసేదాకా ఆగకుండా మొదటి అరగంటలోనే మొదలుపెట్టాలి. పొట్టకూ సాధన కావాలి, ఇప్పటినుంచే ప్రతి లాంగ్ రన్‌లో తినండి. మీకు ఖర్జూరం పడుతుంటే జెల్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

డాలస్ నుంచి కాకినాడ పిల్ల
ఇక్కడ వేసవి సాధన చేసేవాళ్లం చెప్పేది ఒకటే: వాతావరణానికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అప్పుడు చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రోజూ ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి ఆదివారం బయటికి వస్తే ఆ అలవాటు రాదు. హైదరాబాదులో ఆగస్టు తెల్లవారుజాము చల్లగా ఉన్నట్టే ఉంటుంది, తేమే మోసం చేస్తుంది. ఆవిరి కాకుండా కారిపోయే చెమట ఒంటిని చల్లబరచదు. వాచీలో వేగం చూడకుండా గుండె వేగం చూసుకుని వెళ్లండి.

వానలో బూటు
నేను మూడు మాటలు చెప్పి వెళ్తాను. వాన పడితే రోడ్డు మీద తెల్ల గీతలు జారుతాయి. నూలు సాక్సులు వద్దు, తడిస్తే బొబ్బలు ఖాయం. తొడల మధ్య, చంకల్లో, చనుమొనల మీద వాసెలిన్ రాసుకోండి. కొబ్బరినూనె గంటలోపే కారిపోతుంది.

కొండాపూర్ బాటసారి
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం రోడ్డు మార్చి కేబీఆర్ పార్కు వైపు ఎత్తుపల్లాల్లో వెళ్తాను. తూకం, నిమ్మకాయ నీళ్లు, ఖర్జూరాలు సిద్ధం చేసుకున్నాను. ఒక్క సందేహం: నీళ్ల స్టాళ్లు దారంతా ఉన్నప్పుడు ఈ సీసా మోసుకెళ్లడం అవసరమా?

గోదావరి గట్టు
అరలీటరు నడుముకు కట్టుకోండి. స్టాలులో నీళ్లు దొరుకుతాయి, మీ పొట్టకు అలవాటైన పాళ్లలో ఉప్పూ తీపీ దొరకవు. అది అయిపోయాక వాడటానికి ఉప్పు, పంచదార కలిపిన పొడి రెండు పొట్లాలు జేబులో పెట్టుకుంటే స్టాలు నీళ్లతోనే సీసా మళ్లీ నింపుకోవచ్చు. పొట్లం ప్లాస్టిక్‌దే కావాలి, కాగితమైతే చెమటకు కరిగిపోతుంది.