రేసుకి ముందు ఒక్కసారైనా 21 కిలోమీటర్లు పూర్తిగా పరిగెత్తి తీరాలా?

కూకట్‌పల్లి_కొత్త:
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. జనవరిలో పరుగు మొదలుపెట్టాను. ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కి, పేరు ఇచ్చాను. ఇంకా ఐదు వారాలుంది. ఇప్పటిదాకా నా లాంగ్ రన్‌లో పెద్దది 16 కిలోమీటర్లు, నెక్లెస్ రోడ్డు మీద, కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున. నా ప్లాన్‌లో 18 దాటి లేదు. మా గ్రూపులో ఒక పెద్దాయన మాత్రం "21 ఒకసారి కొట్టకుండా రేసుకి పోతే పరువు పోతుంది" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అదే ధ్యాస. నిజంగా 21 చేసే వెళ్లాలా? చేసినవాళ్లు చెప్పండి.

సికింద్రాబాద్_సుదూరం:
చేసే వెళ్లాలమ్మా. నేను ఇప్పటికి 11 హాఫ్‌లు పూర్తి చేశాను, ప్రతిదానికీ ముందు 21 చేశాను. హైదరాబాద్ కోర్సు నెక్లెస్ రోడ్డులా చదును కాదు. పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరి గచ్చిబౌలి స్టేడియం చేరేలోపు ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. పంజాగుట్ట ఫ్లైఓవర్‌తో మొదలవుతుంది, కేబీఆర్ పార్కు, జూబ్లీహిల్స్ వైపు రోడ్డు పైకే పోతుంది. దాని మీద ఆగస్టు ఉక్క. సూర్యుడు రాకముందే బనీను పిండితే నీళ్లు కారతాయి. మీరు చేసిన 16కీ, చేయాల్సిన 21కీ మధ్య ఐదు కిలోమీటర్లుంది. ఆ ఐదూ రేసు రోజే మొదటిసారి చూస్తానంటే ఎలాగమ్మా? ముప్పావు సిలబస్ చదివి పరీక్షకి వెళ్లమని మన పిల్లలకి చెబుతామా? మూడు వారాల ముందు 21 చేయండి, రెండు వారాల ముందు 14, తర్వాత తగ్గించుకుంటూ రండి.

తెన్నేటి_మలుపు:
కూకట్‌పల్లి గారూ, అక్కర్లేదండీ. అమెరికా రన్నింగ్ కోచ్ హాల్ హిగ్డన్ కొత్తవాళ్ల కోసం రాసిన 12 వారాల హాఫ్ ప్లాన్ ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో అన్నిటికంటే పెద్ద పరుగు 10 మైళ్లు, అంటే మీరు ఇప్పటికే చేసిన 16.

ఇంకో సంగతి. కిలోమీటర్లు కాదు, కాళ్ల మీద ఎంతసేపు ఉన్నామన్నది లెక్కపెట్టండి. కిలోమీటరుకి ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తేవాళ్లు 21ని 1 గంట 56 నిమిషాల్లో ముగిస్తారు. మీరు ఆ 16 చేయడానికే 2 గంటల 16 నిమిషాలు పట్టింది. అంటే వాళ్ల రేసంతా కలిపినా, దానికంటే ఎక్కువసేపు మీరు ఇప్పటికే రోడ్డు మీద ఉన్నారు. మీ పేస్‌లో, అంటే కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున, 21 అంటే దాదాపు 3 గంటలు. అదే 3 గంటలు వాళ్లు పరిగెత్తితే 32 దాటుతుంది. హాఫ్‌కి తయారవడానికి 32 చేయమని వాళ్లకి ఎవరైనా చెబుతారా? మీకు మాత్రం ఎందుకు చెబుతున్నారు?

వరంగల్_ట్రాక్:
నేను 14 కొట్టి పోయిన అక్కా. 2:31ల అయిపోయింది. ఆఖరి మూడు కిలోమీటర్లు మాత్రం నరకం చూసిన.

సికింద్రాబాద్_సుదూరం:
నరకం చూశానని తమ్ముడే చెబుతున్నాడు. నేను చెప్పేదీ అదే. నరకాన్ని ముందే ఒకసారి చూసి రావాలి, అప్పుడు రేసు రోజు దారి తెలుస్తుంది. తెన్నేటి గారి లెక్క కాగితం మీద బాగుంది. కానీ శరీరానికి గంటలు తెలియవండీ, పద్దెనిమిదో కిలోమీటరు బోర్డు కనపడితే గుండె జారడం తెలుసు. అక్కడ పని చేసేది మనసు. ఒకసారి చేసిన మనసు "నిన్న చేశాంగా" అంటుంది. చేయని మనసు బేరాలాడుతుంది.

బంజారా_పేస్:
ఒక సవరణ. 21 చేస్తే 21 అయినట్టు కాదు. దూరం 21.0975. రోడ్డుని కొలిచేది అతి దగ్గరి దారిలో, మలుపు లోపలి అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో. జనంలో ఎవరూ ఆ గీత మీద పరిగెత్తలేరు. దానికితోడు కోర్సు తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే హాఫ్‌కి 21 మీటర్లు కలిపే కొలుస్తారు. వాచీలో 21.3, 21.4 చూపించడం మామూలే. ప్రాక్టీసులో 21 చేస్తే ఇంకా 400 మీటర్లు బాకీ ఉన్నట్టే. కాబట్టి 21.5 చేయండి.

సికింద్రాబాద్_సుదూరం:
బంజారా గారు సరిగ్గా చెప్పారు. నేను ఎప్పుడూ 22 చేస్తాను.

గచ్చిబౌలి_గాలి:
వాచీని బట్టి కూడా ఉంటుంది. నాది పోయినేడు 21.6 చూపించింది, పక్కన పరిగెత్తినాయనది 21.2.

బంజారా_పేస్:
మీ వాచీలో రికార్డింగ్ సెకనుకోసారి పెట్టారా, అప్పుడప్పుడు మాత్రమే నమోదు చేసే స్మార్ట్‌లో ఉందా? స్మార్ట్‌లో ఉంటే మలుపులు కోసేస్తుంది, దూరం తక్కువ రావాలి కదా.

తెన్నేటి_మలుపు:
ఆవిడ అడిగింది 16 చాలా, 21 కావాలా అని. మనం 400 మీటర్ల దగ్గర కూర్చున్నాం.

డాలస్_తెల్లవారు:
ఇక్కడ జులైలో తెల్లవారుజామున ఐదింటికే 27, 28 డిగ్రీలుంటుంది. మేం రెండున్నర గంటలు దాటి లాంగ్ రన్ చేయం, ఎన్ని కిలోమీటర్లైనా సరే. అది దాటితే వచ్చే లాభం కంటే కోలుకోవడానికి పట్టే రోజులు ఎక్కువ. కూకట్‌పల్లి గారూ, దూరం గొడవ పక్కనపెట్టి ఒకటి చెప్పండి, దారిలో ఏం తింటున్నారు? ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం గంటన్నర, మహా అయితే రెండు గంటలు వస్తుంది. మీరు మూడు గంటలు రోడ్డు మీద ఉంటారు. గంట దగ్గర ఒకసారి, గంటన్నర దగ్గర ఒకసారి ఖర్జూరాలో, రన్నర్లు తినే తీపి జెల్లో కడుపులో పడాలి. ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ తాగకండి, ఒంట్లో ఉప్పు పలచబడి అది ఇంకో ప్రమాదం. ఓఆర్ఎస్ కలుపుకోండి.

కూకట్‌పల్లి_కొత్త:
ఏమీ తినడం లేదండీ. ఇంట్లో ఒక అరటిపండు తిని బయల్దేరుతాను. నీళ్లే తాగుతున్నాను. 13 దాటాక కళ్లు తిరిగినట్టు ఉంటోంది, నడుస్తున్నాను. నడవడం తప్పేమో అని గ్రూపులో చెప్పలేదు.

సికింద్రాబాద్_సుదూరం:
అదీ సంగతి. నడుస్తున్నారన్నమాట. అమ్మా, బాధపడకండి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ ప్లాన్లు రాసేవాళ్లెవరూ మన ఫ్లైఓవర్లు ఎక్కలేదు. నడుచుకుంటూ పూర్తి చేస్తే చాలనుకునేవాళ్లకి 16 సరిపోతుంది. పరిగెత్తాలనుకునేవాళ్లకి 21 కావాలి. హాఫ్ మారథాన్ పరుగు పందెం. నడవాలనుకుంటే 10కె ఉంది, దాంట్లో తప్పేం లేదు.

తెన్నేటి_మలుపు:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. సుదూరం గారూ, మీరు ఇంతసేపూ వాదించింది 21 గురించి కాదు. నడిచేవాళ్లు రన్నర్లు కారని మీ అభిప్రాయం.

మూడేళ్ల కిందట నేనూ ఇలాంటి గ్రూపులోనే ఉన్నాను. పేరు చెప్పను. హాఫ్‌కి నాలుగు వారాల ముందు "అందరూ 24 చేయాల్సిందే" అన్నారు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ కొంత. నాకు అంతకుముందు పెద్దది 15. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు దిగేటప్పుడు కుడి మోకాలి బయటివైపు సూది గుచ్చినట్టు మొదలైంది. నడుస్తానన్నాను. "నడిస్తే లెక్కలోకి రాదు" అన్నారు. నిజంగా ఆ మాటే అన్నారు. ఇంకో ఆరు కిలోమీటర్లు పరిగెత్తాను. ఐటీ బ్యాండ్, అంటే తొడ బయటివైపు నుంచి మోకాలిదాకా ఉండే పట్టీ, దెబ్బతింది. మర్నాడు మా మేడ మెట్లు దిగలేక, మా అత్తగారు చూస్తుండగా ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ దిగాను. రేసు పోయింది, ఆ తర్వాత ఐదు నెలలు పోయాయి. మళ్లీ నడక, పరుగు కలిపి మొదలుపెట్టి ఫోటో పెడితే, వాట్సాప్‌లో నన్ను రన్నర్ల గ్రూపు నుంచి తీసి వాకర్ల గ్రూపులో వేశారు. ఎవరూ ఒక్క మాట అడగలేదు.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే కొత్తవాళ్లకి నేర్పింది ఈ పరుగు, నడక పద్ధతే. అలిసిపోయాక నడవడం కాదు, అలిసిపోకముందే, మొదటి కిలోమీటరు నుంచే కొలత ప్రకారం నడవడం. ఒలింపిక్స్‌కి వెళ్లినాయనకి లేని నామోషీ మనకెందుకు?

వరంగల్_ట్రాక్:
అక్కా, నేను కూడ ఫ్లైఓవర్ మీద నడిచిన. ఇంతకుముందు చెప్పలే.

సికింద్రాబాద్_సుదూరం:
తెన్నేటి గారూ, మీకు జరిగింది అన్యాయం. 15 చేసిన మనిషిని 24కి తీసుకెళ్లడం నేను సమర్థించను. నొప్పి అన్నాక పరిగెత్తించడం ఇంకా తప్పు. కానీ నన్ను వాళ్ల గాట కట్టేయకండి.

నా మొదటి హాఫ్‌కి నేను 15 చేసి వెళ్లాను. ఏ ఊరో చెప్పను. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర రెండు పిక్కలూ ఒకేసారి పట్టేశాయి. డివైడర్ మీద కూర్చుండిపోయాను. వెనక నుంచి కటాఫ్ బస్సు, అంటే గడువులోపు చేరలేనివాళ్లని ఎక్కించుకునేది, వచ్చింది, ఎక్కించుకున్నారు. లోపల నాలాంటివాళ్లు ఏడుగురు, ఎవరూ మాట్లాడలేదు. ఫినిష్ దగ్గర మా పాప, అప్పుడు మూడో తరగతి, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "కమాన్ నాన్న" అని రాసి పట్టుకుని నిలబడి ఉంది. నేను బస్సులో వెనక గేటు నుంచి లోపలికొచ్చాను. అది గీత వైపే చూస్తోంది. నేను వెనక నుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే "ఎప్పుడొచ్చావ్, నేను చూడలేదే" అంది. అందుకే నన్ను ఎవరడిగినా 21 చేసి వెళ్లమంటాను. ఎవరి పిల్లలూ అలా చూడకూడదు.

తెన్నేటి_మలుపు:
చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను సర్. అయినా ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు మొదటి పది కిలోమీటర్లు ఏ పేస్‌లో వెళ్లారు? ప్రాక్టీసులో పేస్ ఎంత?

సికింద్రాబాద్_సుదూరం:
ప్రాక్టీసులో 6:40. ఆ రోజు జనంతో పాటు వెళ్లాను, 5:50 ఉంటుంది.

తెన్నేటి_మలుపు:
కిలోమీటరుకి 50 సెకన్లు ఎక్కువ వేగం, పది కిలోమీటర్లు. ప్రాక్టీసులో ముందే 21 చేసిన మనిషైనా దానికి కూర్చుండిపోతాడు. మీ పిక్కలు పట్టేసింది దూరం తెలియక కాదు సర్. అలిసిపోకముందు రెండు నిమిషాలు నడిచి ఉంటే పాప మిమ్మల్ని చూసేది.

సికింద్రాబాద్_సుదూరం:
అలా అని మీరు చెప్పలేరు.

డాలస్_తెల్లవారు:
ఇద్దరూ కాస్త ఆగండి. ప్రశ్న వేసినావిడ ఏమంటారో విందాం.

కూకట్‌పల్లి_కొత్త:
రెండు రోజులు ఇక్కడికి రాలేదు. మీ ఇద్దరివీ మళ్లీ మళ్లీ చదివాను.

నిజం చెబుతాను. నేను 21 చేయాలా అని అడిగింది నా కాళ్ల గురించి కాదు. రేసు రోజు నేను నడుస్తుంటే పక్కన మా బ్రాంచి వాళ్లెవరైనా చూస్తారేమో, ఫోటో తీస్తారేమో అని భయం. 21 ముందే చేసేస్తే నడవాల్సిన అవసరం రాదనుకున్నాను. ఈ ఆదివారం తెల్లవారుజామున కేబీఆర్ చుట్టూ, ఆ ఎత్తుల మీదే 18 చేశాను. మొదటి నిమిషం నుంచే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. డాలస్ గారు చెప్పినట్టు ఖర్జూరాలు, ఓఆర్ఎస్. 2 గంటల 38 నిమిషాలు పట్టింది. కళ్లు తిరగలేదు. పదిహేను దగ్గర ఒకాయన నన్ను దాటుతూ "ఏం మేడమ్, అయిపోయిందా?" అన్నారు. నా నడక నిమిషం అప్పుడే మొదలైంది. సిగ్గేసింది, కానీ పరిగెత్తలేదు. వాచీ మోగేదాకా నడిచాను.

21 చేయను. ఇదే పద్ధతిలో రేసుకి వెళ్తాను.

సికింద్రాబాద్_సుదూరం:
18 కేబీఆర్ ఎత్తుల మీద చేశారంటే చిన్న విషయం కాదమ్మా. అయినా 21 చేయమనే నేను ఇప్పటికీ అంటాను. అది మీరు వినరు, సరే. ఒక్కటి మాత్రం వినండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు జాగ్రత్త. అడుగులు చిన్నవి వేయండి, కాలు ముందుకి చాచకండి, మోకాళ్లు అక్కడే పోతాయి. ఆ నిమిషం నడకేదో దిగుడు మొదట్లో పెట్టుకోండి.