35 అంగుళాల టైర్లకు ముందు ఇరుసు: డానా 44 మేలా, డానా 60 మేలా?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నాది జీప్ రాంగ్లర్ టీజే. ముందు భాగంలో వాహనంతోపాటు వచ్చిన డానా 30 ఇరుసే (డానా కంపెనీ ఇరుసుల్లో చిన్న రకం; 44, 60 అంతకంటే పెద్దవి) ఉంది. 31 అంగుళాల టైర్లు ఉన్నంతకాలం దానితో ఏ ఇబ్బందీ రాలేదు. తరువాత 35 అంగుళాల టైర్లు వేసి, ముందు లాకర్ (రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కలిపే భాగం) కూడా బిగించాను. ఇటీవల స్టీరింగును పూర్తిగా తిప్పి ఒక రాతి మెట్టు ఎక్కిస్తుండగా కుడివైపు యూ-జాయింట్ (లోపలి, బయటి షాఫ్టులను కోణంలో కలిపే కీలు) క్రాసు, అంటే దాని మధ్యలోని ప్లస్ ఆకారపు ముక్క, విరిగింది. దానితోపాటు లోపలి షాఫ్టు చివర క్రాసును పట్టుకునే చెవి ఒకటి వెలుపలికి తెరుచుకుపోయింది. పాత వాహనాల నుంచి తీసిన డానా 44 ఒకటి, ఫోర్డ్ డానా 60 ఒకటి నాకు అందుబాటులో ఉన్నాయి. వీటిలో ఏది తీసుకోవాలి? ఉన్న ఇరుసుకే ట్రస్ (గొట్టం వంగకుండా పైన వేసే ఉక్కు ఆధారం) వెల్డింగ్ చేయించి, మంచి షాఫ్టులు వేస్తే సరిపోతుందా? ఎప్పటికైనా 37 అంగుళాల టైర్లు వేయాలని ఉంది, అంతకు మించి వెళ్లను.

సమాధానం:

ఏ భాగం ఎలా విరిగిందో మీరు స్పష్టంగా రాశారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మీ క్రౌన్-పినియన్ (ఇరుసు మధ్యలోని గేర్ల జత) విరగలేదు, హౌసింగు (ఇరుసు బయటి తొడుగు) వంగలేదు, యూ-జాయింట్ విరిగింది. డానా 44 తీసుకుంటే క్రౌన్ వీల్ సుమారు 7.2 అంగుళాల నుంచి 8.5 అంగుళాలకు పెరుగుతుంది, లోపలి షాఫ్టు 27 స్ప్లైన్ల (షాఫ్టు చివర చెక్కిన పళ్ల) నుంచి 30 స్ప్లైన్లకు మారుతుంది. అయితే చాలా డానా 44 ఇరుసుల్లో చక్రం దగ్గర ఉండే యూ-జాయింట్ మీ డానా 30లో ఉన్న కొలతదే. అంటే ఇంత ఖర్చూ శ్రమా పెట్టిన తరువాత కూడా విరిగిన భాగం విరిగినంత బలంతోనే మిగిలిపోతుంది. ఇరుసు పేరు చూసి కాక, అందులోని అతి బలహీనమైన భాగం ఏదో చూసి ఎంచుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

షాఫ్టు మీద పడే భారాన్ని ఒకసారి లెక్కవేయండి. ఉదాహరణకు ఇంజన్ టార్క్ 300 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు 3.83, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేరుపెట్టె) లో-రేంజి 2.72, క్రౌన్-పినియన్ నిష్పత్తి 4.10 అనుకుంటే, చక్రాల దగ్గరకు చేరగలిగేది దాదాపు 12,800 న్యూటన్ మీటర్లు. అందులో సగం ముందుకు వస్తుందనుకుంటే సుమారు 6,400. లాకర్ వేసి ఉండి, ఒక చక్రం గాలిలో ఉంటే ఆ మొత్తం రెండో వైపు షాఫ్టు మీదే పడవచ్చు. మామూలుగా అంత దూరం రాదు, ఎందుకంటే టైరు ముందే జారుతుంది. 600 కిలోల బరువు మోస్తున్న 35 అంగుళాల టైరు గట్టి రాతి మీద పట్టు వదలడానికి సుమారు 2,500 న్యూటన్ మీటర్లు చాలు. కానీ టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే జారే వీలుండదు, ఇంజన్ ఇచ్చినదంతా షాఫ్టే భరించాలి. గాలిలో తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా నేలను పట్టుకుంటే కుదుపు దెబ్బ దానికి తోడవుతుంది. 31 నుంచి 35కు వెళ్లినప్పుడు వ్యాసార్థం పెరగడం వల్ల అదనంగా పడేది 13 శాతమే. అసలు తేడా తెచ్చింది లాకరూ, తిప్పి ఉంచిన స్టీరింగూ అని నా అభిప్రాయం.

స్టీరింగు కోణం సంగతి ఇంకొంచెం చెప్పాలి. యూ-జాయింట్ 30 డిగ్రీల కోణంలో తిరుగుతున్నప్పుడు లోపలి షాఫ్టు సమవేగంతో తిరిగినా, బయటి షాఫ్టు వేగం ప్రతి చుట్టులోనూ 0.87 రెట్ల నుంచి 1.15 రెట్ల మధ్య ఊగిసలాడుతుంది. టార్క్ కూడా ఆ మేరకు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అదే సమయంలో చెవులను వెలుపలికి తెరిచే బలం పుడుతుంది. చెవి తెరుచుకోగానే అందులోని బేరింగు కప్పు జారుతుంది, కప్పు జారగానే క్రాసు ఒంటిచేతి మీద నిలబడి విరుగుతుంది. మీ వాహనంలో జరిగింది సరిగ్గా ఇదే. రెండో వైపు షాఫ్టును కూడా విప్పి, కప్పును చెవి రంధ్రంలో పెట్టి వేలితో తిప్పి చూడండి. సుత్తి దెబ్బ లేకుండా కప్పు లోపలికి వెళ్లి వదులుగా తిరిగితే ఆ రంధ్రం సాగిపోయినట్టే, ఆ షాఫ్టును మళ్లీ వాడకండి.

ఇక ఎంపిక. 35 దగ్గరే ఆగేటట్లయితే ఉన్న ఇరుసునే ఉంచండి. 4340 క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులు వేసి, కప్పులు జారకుండా పట్టి ఉంచే పూర్తి వలయం సర్‌క్లిప్పులు పెట్టండి, హౌసింగుకు ట్రస్ కట్టించండి. 37 వేయడం ఖాయమైతే డానా 44ను వదిలి నేరుగా డానా 60కే వెళ్లండి. వృత్తాకార షాఫ్టు మెలికను తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 30 స్ప్లైన్ల షాఫ్టు వ్యాసం సుమారు 1.31 అంగుళాలు, 35 స్ప్లైన్లది 1.50. చూపుకు తేడా చిన్నదే అయినా, అదే ఉక్కుతో బలం ఒకటిన్నర రెట్లవుతుంది. క్రౌన్ వీల్ 9.75 అంగుళాలకు చేరుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా యూ-జాయింట్ కొలత పెద్దదవుతుంది.

అనుబంధ ప్రశ్న:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. 37 అంగుళాలే వేస్తాను, కాబట్టి డానా 60 అని నిర్ణయించుకున్నాను. అది నా వాహనానికి నేరుగా సరిపోతుందా? ముందుగా ఏమేం కొలుచుకోవాలి? కింగ్ పిన్ రకం (చక్రం మలుపు తిరిగే కీలు నిలువు పిన్నుతో ఉండేది) కోసమే వెతకమని కొందరంటున్నారు, అది అవసరమా?

సమాధానం:

ముందుగా డిఫరెన్షియల్ (క్రౌన్-పినియన్ ఉండే ఉబ్బెత్తు భాగం) ఏ వైపు ఉందో చూడండి. టీజే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఎడమవైపు బయలుదేరుతుంది. ఫోర్డ్ డానా 60లో డిఫరెన్షియల్ కూడా ఎడమవైపే కాబట్టి అది కలుస్తుంది. పాత షెవర్లే ట్రక్కులవి కుడివైపు ఉంటాయి, అవి మీకు పనికిరావు. ఫోర్డ్ ఇరుసులో పినియన్ క్రౌన్ వీల్ మధ్య రేఖకు పైన ఉండటం మరో లాభం. ముందుకు నడిచేటప్పుడు పళ్ల బలమైన వైపు పని చేస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం తగ్గుతుంది, రాళ్లకు తగలకుండా కొంత పైకి కూడా ఉంటుంది.

వెడల్పు విషయంలో జాగ్రత్త పడాలి. మీ ఇరుసు చక్రం బిగించే చోటు నుంచి చోటు వరకు సుమారు 60 అంగుళాలు ఉంటే, ట్రక్కు ఇరుసు 70కి దగ్గరగా ఉంటుంది. గొట్టం కోసి, షాఫ్టును పొట్టిది చేయించుకోవచ్చు, లేదా లోపలికి ఎక్కువ ఒదిగే రిమ్ములు వేసుకోవచ్చు. రాతి నేల మీద వెడల్పు స్థిరత్వాన్ని ఇస్తుంది కాబట్టి నేనైతే కోయకుండానే ఉంచుతాను. వెనుక ఇరుసు కూడా దానికి తగినది కావాలి, ఎందుకంటే మీ 5 బోల్టుల రిమ్ములు 8 బోల్టుల హబ్బుకు ఎక్కవు. 1999 నుంచి వచ్చిన ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కుల ఇరుసుల్లో బోల్టుల వలయం 170 మిల్లీమీటర్లు, అంతకు ముందువాటిలో 6.5 అంగుళాలు. రెండూ దగ్గరగా కనిపించినా ఒకదాని రిమ్ము మరొకదానికి కూర్చోదు.

కింగ్ పిన్ బలమైనదే. నకుల్ (చక్రంతోపాటు మలుపు తిరిగే భాగం) పైన స్టీరింగు చేతిని బిగించుకోవడానికి అది అనువుగా ఉంటుంది, అరిగినప్పుడు బుష్షూ బేరింగూ మార్చుకుంటే చాలు. కానీ 37 అంగుళాల టైర్లకు ఆరోగ్యంగా ఉన్న బాల్ జాయింట్ (గుండ్రటి తల కీలు) ఇరుసు కూడా సరిపోతుంది. కింగ్ పిన్ కోసమే నెలల తరబడి ఆగనక్కరలేదు.

మరొక సభ్యుని సలహా:

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూ, వెల్డింగ్ గురించి కొంత చేర్చుతున్నాను. ఎక్కువ ఇరుసులు చెడిపోయేది ఇక్కడే. ట్రస్‌ను గొట్టం పైభాగాన ఒకే వరుసలో వెల్డ్ చేసుకుంటూ పోతే చల్లారేటప్పుడు పైభాగం కుంచించుకుని గొట్టం చివరలు పైకి లేస్తాయి. అప్పుడు క్యాంబరు (చక్రం నిలువు వాలు) తప్పుతుంది, షాఫ్టు సీలు దగ్గర ఒరుసుకుంటుంది. అందుకే బేరింగు గూళ్లలో బుష్షులు పెట్టి, వాటి గుండా నిటారైన కడ్డీ దూర్చి, అంగుళం పొడవు చొప్పున కుడి ఎడమలు మార్చుకుంటూ వెల్డ్ చేయాలి. ప్రతి విడతా చేతికి తాకగలిగేంత చల్లారాకే తరువాతిది మొదలుపెట్టాలి.

మధ్యలోని డిఫరెన్షియల్ భాగం పోత ఇనుము, గొట్టాలు ఉక్కు. ఈ రెంటినీ కలిపేచోట మామూలు వెల్డింగ్ తీగ వాడితే, పైకి చక్కగా కనిపించినా పక్కనే సన్నని పగులు వస్తుంది. పోత భాగాన్ని 200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో చిన్న చిన్న ముక్కలుగా వేసి, ప్రతి ముక్క మీదా సుత్తితో మెల్లగా కొట్టి, చివరకు కప్పి ఉంచి నిదానంగా చల్లారనివ్వాలి. దీనిలో అనుభవం లేనివారి చేతికి హౌసింగును ఇవ్వకండి.

గొట్టం చివర ఉండే సీ ఆకారపు నకుల్ మద్దతులను కోసి తిప్పవలసి వస్తుందా అన్నది కూడా వెల్డింగుకు ముందే తేల్చుకోవాలి. పినియన్ ముఖాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు వైపు ఎత్తితే క్యాస్టర్ (మలుపు అక్షం వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, స్టీరింగు తనంతట తాను మధ్యకు రాదు. పినియన్ కోణం కుదిరిన తరువాత క్యాస్టర్ 5 నుంచి 7 డిగ్రీల మధ్య ఉండేలా ఆ మద్దతులను తిప్పి వెల్డ్ చేయించండి. డ్రాగ్ లింకూ (స్టీరింగు పెట్టె నుంచి నకుల్ వైపు వెళ్లే కడ్డీ), ప్యాన్‌హార్డ్ రాడ్డూ (ఇరుసు పక్కలకు జరగకుండా పట్టే కడ్డీ) ఒకదానికొకటి సమాంతరంగా, వీలైనంతవరకు సమాన పొడవుతో ఉండాలి. లేకపోతే గుంత పడినప్పుడల్లా స్టీరింగు చేతిలో తిరుగుతుంది.

మొదటి సమాధానమిచ్చిన సభ్యుడు:

వెల్డింగ్ గురించి రాసినందుకు కృతజ్ఞతలు. చివరగా క్రౌన్-పినియన్ విషయం. పెద్ద టైర్లకు 4.88 లేదా 5.38 నిష్పత్తి ఎంచుకుంటారు. నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ పళ్లు తగ్గి, అది సన్నబడుతుంది, కాబట్టి 37 అంగుళాలకు అవసరమైనదానికంటే ఎక్కువకు పోకండి. అమర్చేటప్పుడు పళ్ల మధ్య ఖాళీ అయిన బ్యాక్‌లాష్‌ను తయారీదారు ఇచ్చిన పరిమితిలో ఉంచాలి, సాధారణంగా అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కొలత కుదిరితే చాలదు. పళ్లకు రంగు పూసి, తిప్పి, అచ్చు పన్ను మధ్యలో పడుతోందో లేదో చూడాలి. కొత్త గేర్లను మొదట పదిహేను ఇరవై నిమిషాలు నిదానంగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, దాదాపు 800 కిలోమీటర్ల తరువాత నూనె మార్చండి.

హబ్బుల విషయంలో మాత్రం అన్నిటికంటే బలమైనవి కొనకండి. చక్రం దగ్గర చేత్తో తిప్పి కలిపే లాకింగ్ హబ్బు షాఫ్టుకంటే కొంచెం ముందుగా విరిగేదిగా ఉండాలి. కొన్ని బోల్టులు విప్పి దారిలోనే దాన్ని మార్చుకోవచ్చు, విరిగిన షాఫ్టును అలా మార్చలేరు. ఒక జత హబ్బులు, ఒక యూ-జాయింటు, సర్‌క్లిప్పులు వాహనంలో ఉంచుకోండి. డానా 60 బ్రేకు కాలిపర్లు పెద్దవి కాబట్టి, ఇరుసు ఎక్కించేలోపే మాస్టర్ సిలిండర్‌ను కూడా వాటికి తగినదిగా మార్చుకోండి. పాతదానితో పెడల్ కిందికి దిగిపోతుంది.